ఇంటి లోపాలపై కొనుగోలుదారుల చట్టపరమైన హక్కులు

ఇల్లు లేదా ఫ్లాటు కొని స్వాధీనం చేసుకున్న తరువాత అందులో నిర్మాణ లోపాలు, నాణ్యతా లోపాలు, హక్కు పత్రాల లోపాలు బయటపడితే కొనుగోలుదారునికి పరిహారం కల్పించే మార్గాలు భారతీయ చట్టాలలో పలు చోట్ల ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనవి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016 (రెరా), వినియోగదారుల రక్షణ చట్టం, 2019, ఆస్తి బదిలీ చట్టం, 1882, భారత కాంట్రాక్టు చట్టం, 1872. ఏ చట్టం వర్తిస్తుందనేది ప్రధానంగా ఇంటిని ఎవరి వద్ద కొన్నారనే దానిపై ఆధారపడి ఉంటుంది. బిల్డరు వద్ద కొత్త ఫ్లాటు కొన్నవారికి ఉన్న రక్షణ, వ్యక్తి వద్ద పాత ఇల్లు కొన్నవారికి లేదు. రెండవ సందర్భంలో భారం చాలావరకు కొనుగోలుదారునిపైనే ఉంటుంది.

లోపాల స్వభావం

న్యాయస్థానాలు లోపాలను స్థూలంగా రెండు విధాలుగా చూస్తాయి. కొనేముందు సాధారణ జాగ్రత్తతో చూస్తే కనిపించేవి ప్రత్యక్ష లోపాలు. విరిగిన గచ్చు, మూసుకోని తలుపు, వంకరగా ఉన్న గోడ ఇటువంటివి. ఎంత జాగ్రత్తగా చూసినా ఆనాటికి తెలియనివి గుప్త లోపాలు. పునాదిలో చాలని ఇనుము, నాసిరకం కాంక్రీటు, శ్లాబులో జలనిరోధక పూత లేకపోవటం, గోడలోపల పగిలిన గొట్టాలు వంటివి ఒకటి రెండు వర్షాకాలాలు గడిస్తేగాని బయటపడవు. మొదట పైకప్పు మూలల్లో చెమ్మ మరకలు కనిపిస్తాయి, తరువాత పెచ్చులూడతాయి, ఆపైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటకు కనిపిస్తాయి. ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినవారికి, మూడవ మెట్టు దాకా ఆగినవారికి చట్టం ముందు చాలా తేడా ఉంటుంది.

పగుళ్ళన్నీ ఒకటి కావు. గోడ గిలాబాపై వచ్చే సన్నని వెంట్రుక పగుళ్ళు సిమెంటు ఆరేటప్పుడు సహజంగా రావచ్చు. స్తంభాలు, దూలాలు, శ్లాబులలో వచ్చే పగుళ్ళు, గోడపై ఏటవాలుగా సాగి రోజురోజుకూ వెడల్పయ్యే పగుళ్ళు నిర్మాణపరమైన లోపాలకు సూచనలు. బిల్డర్లు రెండవ రకాన్ని కూడా మొదటి రకంగానే చెప్పటం పరిపాటి. అందువల్లనే ఈ వివాదాలలో ఇంజనీరు నివేదికకు అంత ప్రాధాన్యం ఏర్పడింది.

తెలుగునాట తరచుగా వినిపించే వాస్తు దోషం చట్టం దృష్టిలో దానంతటది లోపం కాదు. అయితే ఇల్లు వాస్తు ప్రకారం కట్టి ఇస్తామని అగ్రిమెంటులోనో బ్రోచరులోనో ప్రత్యేకంగా హామీ ఇచ్చి ఉంటే, దానిని ఇతర హామీల వలెనే నిలబెట్టుకోవలసిన బాధ్యత గురించి వాదించే వీలుంది.

పూర్వ చరిత్ర

స్వాతంత్ర్యానంతరం చాలాకాలం పాటు ఇల్లు కొన్నవారికి సివిల్ కోర్టు తప్ప వేరే దారి ఉండేది కాదు. మహారాష్ట్ర 1963లో తెచ్చిన యాజమాన్య ఫ్లాట్ల చట్టం, స్వాధీనం ఇచ్చిన నాటినుండి మూడేళ్ళలోపు చూపిన లోపాలను బిల్డరు సరిచేయాలని నిర్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో అపార్ట్‌మెంట్ల నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్యాలకు సంబంధించిన చట్టం వచ్చింది. కానీ సామాన్య కొనుగోలుదారునికి అందుబాటులోకి వచ్చిన మొదటి నిజమైన ఆసరా 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే. 1993లో దానిని సవరించి గృహ నిర్మాణాన్ని "సేవ" అనే నిర్వచనంలో చేర్చారు. అదే సంవత్సరం నవంబరు 5న లక్నో అభివృద్ధి సంస్థ - ఎం.కె.గుప్తా కేసులో సుప్రీంకోర్టు, ఇళ్ళు కట్టి ఇచ్చేది ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు బిల్డరు అయినా అది సేవేననీ, నాసిరకం సామగ్రి వాడటం సేవాలోపమేననీ తీర్పు ఇచ్చింది. తరువాత వచ్చిన తీర్పులన్నిటికీ ఇదే పునాది.

తెలుగువారికి సంబంధించిన మరొక ముఖ్యమైన తీర్పు 2012లో వచ్చింది. హైదరాబాదుకు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులో, లేఅవుట్ అభివృద్ధి చేసి రోడ్లు, డ్రైనేజీ వంటి సౌకర్యాలు కల్పిస్తామని చెప్పి ప్లాట్లు అమ్మటం కేవలం భూమి అమ్మకం కాదనీ, అదీ సేవ కిందకే వస్తుందనీ సుప్రీంకోర్టు తేల్చింది. దీనికి భిన్నంగా, ఏ హామీలూ లేకుండా ఖాళీ స్థలాన్ని ఉన్నది ఉన్నట్లుగా అమ్మితే అది సేవ కాదని 2013లో గణేష్‌లాల్ కేసులో అదే న్యాయస్థానం పేర్కొంది. స్థలాలు కొనేవారు ఈ రెండు తీర్పుల మధ్య తేడాను గమనించవలసి ఉంటుంది.

రెరా చట్టం

రెరా చట్టానికి 2016 మార్చి 25న రాష్ట్రపతి ఆమోదం లభించింది. కొన్ని సెక్షన్లు అదే సంవత్సరం మే 1న, మిగిలినవి 2017 మే 1న అమలులోకి వచ్చాయి. దీని కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు 2017లోనే తమ నియమావళులను ప్రకటించాయి. తెలంగాణ నియమాలు 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు వర్తించేలా రూపొందాయి. కాబట్టి పాత భవనాలలో ఫ్లాటు కొన్నవారు ముందుగా అనుమతి తేదీని చూసుకోవాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లకు మించని భవనాలు రిజిస్ట్రేషను అవసరం లేనివి. నగరాల శివార్లలో ఐదారు ఫ్లాట్లతో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు ఎన్నో ఈ కారణంగా రెరా కంటికి కనిపించవు. వాటిలో కొన్నవారికి వినియోగదారుల కమిషనే ప్రధాన ఆశ్రయం.

లోపాల విషయంలో ఈ చట్టానికి గుండెకాయ 14వ సెక్షను మూడవ ఉపసెక్షను. స్వాధీనం ఇచ్చిన తేదీనుండి ఐదేళ్ళలోపు నిర్మాణపరమైన లోపంగాని, పనితనంలో, నాణ్యతలో, సేవలలో మరే లోపంగాని, అగ్రిమెంటు ప్రకారం నెరవేర్చవలసిన ఇతర బాధ్యతలలో లోపంగాని బిల్డరు దృష్టికి తెస్తే, అతడు అదనపు రుసుము తీసుకోకుండా ముప్ఫై రోజులలో సరిచేయాలి. అలా చేయకపోతే కొనుగోలుదారునికి తగిన నష్టపరిహారం పొందే హక్కు ఉంటుంది.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఐదేళ్ళ లెక్క రిజిస్ట్రేషను తేదీనుండి కాదు, స్వాధీనం ఇచ్చిన తేదీనుండి మొదలవుతుంది. రెండవది, ఆ గడువు లోపాన్ని బిల్డరు దృష్టికి తేవటానికి ఉద్దేశించినది. అందుకని నాలుగో ఏట చివర చెమ్మ కనిపించినా వెంటనే ఈమెయిలు, రిజిస్టర్డు పోస్టు ద్వారా తెలియజేయటం హక్కును కాపాడుతుంది. సైట్ సూపర్‌వైజరుకు ఫోనులో చెప్పామనేది రుజువుగా నిలవటం కష్టం. మూడవది, "నిర్మాణపరమైన లోపం" అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. అయితే నాణ్యత, పనితనం అనే మాటలను కూడా చేర్చినందువల్ల, ఊడిపోతున్న టైల్సు, కారుతున్న బాత్‌రూము గొట్టాలు సైతం దీని పరిధిలోకే వస్తాయి.

కొత్త ఫ్లాటును మొదటి యజమాని వద్ద కొన్నవారికి కూడా ఈ హక్కు వర్తిస్తుంది. చట్టంలోని 2(డి) నిర్వచనం ప్రకారం, కేటాయింపును అమ్మకం ద్వారాగాని మరో విధంగాగాని తరువాత పొందినవారు సైతం "కేటాయింపుదారు"లే. కాబట్టి మూడేళ్ళ వయసున్న ఫ్లాటును వేరొకరి నుండి కొన్నవారు మిగిలిన రెండేళ్ళలో బయటపడిన లోపానికి బిల్డరును నిలదీయవచ్చు. అద్దెకు ఉన్నవారికి మాత్రం ఈ అవకాశం లేదు.

14వ సెక్షనులోని మొదటి రెండు ఉపసెక్షనులు మంజూరైన ప్లానుకు సంబంధించినవి. ఫ్లాటు ప్లానును, అమరికలను ఆ ఫ్లాటు కొన్నవారి ముందస్తు అంగీకారం లేకుండా మార్చకూడదు. మొత్తం భవనంలో లేదా ఉమ్మడి ప్రదేశాలలో మార్పులు చేయాలంటే కేటాయింపుదారులలో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక అంగీకారం ఉండాలి. ప్రకటనలలో, నమూనా ఫ్లాటులో చూపినది అబద్ధమని తేలితే 12వ సెక్షను కింద పరిహారం కోరవచ్చు. ప్రాజెక్టునుండి తప్పుకోదలచినవారు కట్టిన సొమ్మును వడ్డీతో సహా వెనక్కు పొందవచ్చు. తెలుగు రాష్ట్రాల నియమాలలో ఈ వడ్డీ భారతీయ స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎం.సి.ఎల్.ఆర్. రేటుకు రెండు శాతం కలిపినది.

ఫిర్యాదు ఎవరి వద్ద చేయాలనే దానిపై మొదట్లో గందరగోళం ఉండేది. 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసు తీర్పుతో అది తొలగింది. మరమ్మతు చేయించమని, డబ్బు వాపసు ఇప్పించమని, వడ్డీ ఇప్పించమని కోరేవారు రెరా అథారిటీని ఆశ్రయించాలి. 12, 14, 18, 19 సెక్షన్ల కింద నష్టపరిహారం కోరేవారు న్యాయనిర్ణయాధికారి వద్దకు వెళ్ళాలి. రెండూ కావలసినవారు రెండు ఫిర్యాదులు వేరువేరుగా దాఖలు చేయవలసి రావటం ఈ ఏర్పాటులోని ఇబ్బంది. ఉత్తర్వుపై అరవై రోజులలోపు రెరా అప్పీలు ట్రిబ్యునలుకు, అక్కడి తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు చేసే బిల్డరు చెల్లించవలసిన సొమ్మును ముందుగా ట్రిబ్యునలులో జమచేయాలనే నిబంధన, కాలయాపన కోసం వేసే అప్పీళ్ళకు కొంతవరకు అడ్డుకట్ట వేసింది.

ఉత్తర్వు రావటం ఒక ఎత్తు, దానిని అమలు చేయించటం మరొక ఎత్తు. 40వ సెక్షను ప్రకారం పరిహారం, వడ్డీ, జరిమానాలను భూమి శిస్తు బకాయిల వలె రెవెన్యూ యంత్రాంగం వసూలు చేయాలి. ఆచరణలో ఈ వసూళ్ళు నెమ్మదిగా సాగుతాయన్నది దేశమంతటా వినిపించే విమర్శ.

వినియోగదారుల రక్షణ చట్టం

1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. దీనికింద జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2021 డిసెంబరులో సవరించిన పరిమితుల ప్రకారం, చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషను, 50 లక్షలకు మించి 2 కోట్ల వరకు ఉంటే రాష్ట్ర కమిషను, అంతకు మించితే జాతీయ కమిషను ఫిర్యాదును విచారిస్తాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కోరిన పరిహారం కాదు, ఇంటికి చెల్లించిన సొమ్ము. హైదరాబాదులోని మధ్యతరగతి ఫ్లాట్ల ధరలను బట్టి చూస్తే లీకేజీ వంటి చిన్న ఫిర్యాదు కూడా నేరుగా రాష్ట్ర కమిషనుకు వెళ్ళవలసి రావటం అరుదు కాదు.

కొత్త చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే ప్రాంతంలోని కమిషనులో కేసు వేయగలగటం. విశాఖపట్నంలో ఉంటూ బెంగుళూరులో ఫ్లాటు కొన్నవారు బెంగుళూరు వెళ్ళనక్కరలేదు. ఫిర్యాదులను ఆన్‌లైనులో దాఖలు చేయవచ్చు. విదేశాలలో ఉన్న తెలుగువారు ఇక్కడి బంధువుకు అధికార పత్రం ఇచ్చి కేసు నడిపించుకోవటం సాధారణం.

కాలపరిమితి విషయంలో ఈ చట్టం రెరా కంటే కఠినమైనది. వ్యాజ్య కారణం ఏర్పడిన నాటినుండి రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషను మన్నించవచ్చు. అంతేగాని బిల్డరుతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపినంత మాత్రాన గడువు దానంతటది పెరగదు. "వచ్చే నెల మనుషులను పంపిస్తాం" అనే మాటను నమ్మి రెండేళ్ళు గడిపినవారు ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని లోపాలు మాత్రం నిరంతరం కొనసాగేవిగా పరిగణించబడతాయి. 2022 జనవరిలో ముంబయికి చెందిన సమృద్ధి సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, నివాసయోగ్యతా పత్రం తెచ్చి ఇవ్వకపోవటం నిరంతరం సాగే తప్పిదమనీ, దానికి గడువు అడ్డురాదనీ సుప్రీంకోర్టు పేర్కొంది.

స్వాధీనం తీసుకునేటప్పుడు "అన్నీ సక్రమంగా ఉన్నాయి, ఇకపై ఏ హక్కులూ కోరము" అనే కాగితంపై సంతకం పెట్టించుకోవటం బిల్డర్ల అలవాటు. తాళాలు చేతికి రావాలంటే సంతకం పెట్టక తప్పదు. 2020లో డి.ఎల్.ఎఫ్. సదరన్ హోమ్స్ ప్రతివాదిగా ఉన్న అరిఫుర్ రహమాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, క్రయ దస్తావేజు పొందటానికి నష్టపరిహారపు హక్కును వదులుకొమ్మని కొనుగోలుదారుని బలవంతపెట్టటం అసమంజసమని చెప్పింది. 2023లో దేబాశిస్ సిన్హా కేసులో కూడా, స్వాధీనం తీసుకున్నంత మాత్రాన వాగ్దానం చేసిన సౌకర్యాలను అడిగే హక్కు పోదని స్పష్టం చేసింది. బిల్డరుకు అనుకూలంగా ఏకపక్షంగా రాసుకున్న షరతులు అక్రమ వాణిజ్య విధానం కిందకు వస్తాయని 2019లో పయనీర్ అర్బన్ - గోవిందన్ రాఘవన్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ కోవలో మొదటగా చెప్పుకోదగినది. అగ్రిమెంటులో మధ్యవర్తిత్వపు షరతు ఉన్నా కమిషనును ఆశ్రయించటానికి అది అడ్డుకాదు. ఇది 2018లో ఎమ్మార్ ఎం.జి.ఎఫ్. కేసులో తేలిన విషయం.

ఒకే భవనంలోని పలువురికి ఒకే సమస్య ఉన్నప్పుడు ఉమ్మడిగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే నివాసుల సంఘం పేరుతో వేసేటప్పుడు జాగ్రత్త అవసరం. అపార్ట్‌మెంటు చట్టం కింద తప్పనిసరిగా ఏర్పడిన సంఘం స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కాదనీ, ఆ హోదాలో ఫిర్యాదు చేయజాలదనీ 2020లో శోభా హిబిస్కస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రెరా చట్టంలో ఈ ఇబ్బంది లేదు. అక్కడ కేటాయింపుదారుల సంఘం నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. లిఫ్టు, టెర్రసు, సెల్లారు, మురుగుశుద్ధి యంత్రం వంటి ఉమ్మడి ఆస్తుల లోపాలకు సంఘం ద్వారా రెరాకు వెళ్ళటమే అనువైనది.

రెండు మార్గాలలో ఏది ఎంచుకోవాలి

రెరా వచ్చినంత మాత్రాన వినియోగదారుల కమిషను అధికారం పోలేదని 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ - అనిల్ పట్ని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా చట్టంలోని 79వ సెక్షను సివిల్ కోర్టులనే నిషేధిస్తుంది, కమిషన్లు సివిల్ కోర్టులు కావు. అయితే ఒకే ఉపశమనం కోసం రెండు చోట్లా ఏకకాలంలో పోరాడటం కుదరదు. కొనుగోలుదారు ఏదో ఒకదానిని ఎంచుకోవాలి. మరమ్మతు చేయించుకుని అదే ఇంట్లో ఉండదలచినవారికి, స్వాధీనం పొంది రెండేళ్ళు దాటి ఐదేళ్ళు దాటనివారికి రెరా మేలు. రిజిస్ట్రేషను లేని చిన్న ప్రాజెక్టులలో కొన్నవారికి, మానసిక వేదనకు, అద్దెలకు, ఖర్చులకు కలిపి ఒకేచోట పరిహారం కోరేవారికి కమిషను అనువుగా ఉంటుంది.

వివాదం నడుస్తున్నదని గృహ ఋణం వాయిదాలు చెల్లించటం మానేయటం ప్రమాదకరం. బ్యాంకుకు, కొనుగోలుదారునికి మధ్య ఒప్పందం వేరు, బిల్డరుతో ఉన్న ఒప్పందం వేరు. వాయిదాలు ఆగితే బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద ఆ ఇంటినే స్వాధీనం చేసుకోగలదు.

పాత ఇల్లు కొన్నప్పుడు

ఒక వ్యక్తి తన ఇంటిని మరొక వ్యక్తికి అమ్మినప్పుడు అందులో "సేవ" ఏదీ లేదు. కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదు. ఐదేళ్ళు దాటిన భవనానికి రెరా హామీ కూడా ఉండదు. అప్పుడు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను. విక్రేతకు తెలిసి, కొనుగోలుదారుకు తెలియక, సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలోగాని హక్కులోగాని ఉంటే, విక్రేత దానిని వెల్లడించి తీరాలి. వెల్లడించకపోవటం మోసమేనని అదే సెక్షను చెబుతుంది. వేరే విధంగా ఒప్పందం లేనప్పుడే ఈ నియమం వర్తిస్తుంది. దస్తావేజులో "ఉన్నది ఉన్నట్లుగా కొంటున్నాను" అనే వాక్యం ఉంటే విక్రేత దానినే అడ్డుపెట్టుకుంటాడు.

ఈ నిబంధనలోని ప్రతి మాటా కోర్టులో ఒక పరీక్షే. కొనుగోలుదారు నాలుగు విషయాలు రుజువు చేయాలి. లోపం ముఖ్యమైనదై ఉండాలి, అది అమ్మకం నాటికే ఉండాలి, విక్రేతకు తెలిసి ఉండాలి, తనకు కనిపించే వీలు లేకుండా ఉండాలి. వీటిలో మూడవది కష్టం. విక్రేత మనసులో ఏముందో చూపటానికి పరోక్ష సాక్ష్యాలే దిక్కు. అమ్మకానికి కొద్ది నెలల ముందు అతడు అదే గోడకు లీకేజీ మరమ్మతు చేయించిన బిల్లు, ఆ పని చేసిన మేస్త్రీ సాక్ష్యం, అపార్ట్‌మెంటు సంఘం సమావేశపు మినిట్సులో అతడు స్వయంగా చేసిన ఫిర్యాదు, చెమ్మ పట్టిన ఒక్క గోడకే వేసిన కొత్త రంగు వంటివి ఇటువంటి కేసులలో ఎంతో విలువైనవి.

కాంట్రాక్టు చట్టంలోని 17, 18, 19 సెక్షన్లు దీనికి తోడుగా నిలుస్తాయి. కేవలం మౌనంగా ఉండటం సాధారణంగా మోసం కాదు. కానీ చెప్పవలసిన బాధ్యత ఉన్నవాడు మౌనం వహిస్తే అది మోసమవుతుంది. ఆ బాధ్యతను 55వ సెక్షను విక్రేతపై పెట్టింది. మోసంవల్ల కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకోవటమా, కొనసాగిస్తూ నష్టం రాబట్టుకోవటమా అన్నది కొనుగోలుదారు ఇష్టం. అయితే సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకునే అవకాశం ఉండి కూడా తెలుసుకోనివారికి, మౌనంవల్ల కలిగిన మోసం పేరిట ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉండదని 19వ సెక్షనులోని మినహాయింపు చెబుతుంది. రాత్రిపూట ఒకసారి ఇల్లు చూసి మరునాడు బయానా ఇచ్చినవారు ఈ మినహాయింపు దగ్గర ఇబ్బంది పడతారు.

దస్తావేజు రద్దుకు, నష్టపరిహారానికి సివిల్ కోర్టులో దావా వేయాలి. రద్దు దావాకు కాలపరిమితి, రద్దుకు కారణమైన విషయాలు తెలిసిన నాటినుండి మూడేళ్ళు. మోసం జరిగిన చోట అది బయటపడేవరకు గడువు మొదలుకాదని కాలపరిమితి చట్టం, 1963లోని 17వ సెక్షను చెబుతుంది. కోర్టు ఫీజు దావా విలువనుబట్టి చెల్లించవలసి ఉండటం, విచారణ ఏళ్ళ తరబడి సాగటం వల్ల చాలామంది దావాకు బదులు లీగల్ నోటీసు ఇచ్చి, మరమ్మతు ఖర్చులో కొంత భాగానికి రాజీపడుతుంటారు. మొత్తం ఖర్చుతో పోల్చి చూస్తే అది తెలివితక్కువ పని కాదు.

హక్కులో, అనుమతులలో లోపాలు

పగిలిన గోడను బాగుచేయవచ్చు, పగిలిన హక్కును బాగుచేయటం కష్టం. రెరా చట్టంలోని 18వ సెక్షను రెండవ ఉపసెక్షను ప్రకారం, ప్రాజెక్టు కట్టిన భూమి హక్కులో లోపం వల్ల కలిగిన నష్టానికి బిల్డరు పరిహారం చెల్లించాలి. ఈ దావాకు ఏ చట్టంలోని కాలపరిమితీ అడ్డురాదని ఆ సెక్షనులోనే రాసి ఉంది. లోపాలకు సంబంధించిన నిబంధనలన్నిటిలో కొనుగోలుదారుకు ఇంత బలమిచ్చేది మరొకటి లేదు.

తెలుగు నగరాలలో మరొక తరహా లోపం విస్తారంగా ఉంది. మంజూరైన ప్లానుకు మించి కట్టిన అంతస్తు, సెట్‌బ్యాకులోకి చొచ్చుకు వచ్చిన గదులు, పార్కింగు స్థలంలో కట్టిన దుకాణాలు ఈ కోవలోవి. చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో లేదా బఫర్ జోనులో కట్టిన ఇళ్ళ సంగతి 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసిన తరువాత బాగా చర్చకు వచ్చింది. బ్యాంకు ఋణం ఇచ్చింది, రిజిస్ట్రేషను జరిగింది అనేవి అనుమతి సక్రమమనటానికి రుజువులు కావు. అగ్నిమాపక అనుమతి, నిర్మాణ పూర్తి పత్రం లేకుండా స్వాధీనం ఇవ్వజూపటం చెల్లుబాటు కాదని 2024లో ఆగ్రా అభివృద్ధి సంస్థ ప్రతివాదిగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సాక్ష్యాధారాలు

వివాదం గెలుపోటములు చాలావరకు కాగితాలమీద ఆధారపడి ఉంటాయి. అగ్రిమెంటు, బ్రోచరు, మంజూరైన ప్లాను, స్వాధీన పత్రం, చెల్లింపు రసీదులు, తేదీలతో ఫోటోలు, బిల్డరుకు పంపిన ఈమెయిళ్ళు ప్రాథమికమైనవి. నిర్మాణపరమైన లోపమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక తప్పనిసరి. కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష, లోపలి డొల్లతనాన్ని ధ్వని తరంగాలతో పసిగట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష, చిన్న గుండ్రటి ముక్కను కోసి తీసి దాని బలాన్ని కొలిచే కోర్ పరీక్ష సాధారణంగా చేసేవి. ఇంజనీరింగు కళాశాలల సివిల్ విభాగాలు రుసుము తీసుకుని ఇటువంటి పరీక్షలు చేస్తాయి. ఫిర్యాదుదారు తెచ్చిన ప్రైవేటు నివేదికపై బిల్డరు తన నివేదిక తెస్తాడు. అప్పుడు తటస్థ నిపుణుని నియమించమని కోరవచ్చు. సివిల్ కోర్టులో అయితే అడ్వొకేటు కమిషనరును పంపి స్థలాన్ని పరిశీలింపజేసే వీలు సివిల్ ప్రక్రియా స్మృతి 26వ ఆర్డరులో ఉంది.

మరమ్మతు వెంటనే చేయించక తప్పని పరిస్థితి వస్తే, ముందుగా బిల్డరుకు రాతపూర్వకంగా తెలిపి, లోపాన్ని నమోదు చేయించి, ఆ తరువాతనే పని మొదలుపెట్టాలి. లేకపోతే లోపమూ పోతుంది, దానితోపాటు సాక్ష్యమూ పోతుంది. గోడలు కూల్చి గదులు కలపటం, బాల్కనీ మూయటం వంటి మార్పులు చేసినవారికి, లోపం ఆ మార్పులవల్లనే వచ్చిందనే వాదన ఎదురవుతుంది.

క్రిమినల్ ఫిర్యాదు, దివాలా ప్రక్రియ

మొదటినుండీ మోసం చేసే ఉద్దేశం ఉన్నదని చూపగలిగితే పోలీసు ఫిర్యాదు చేయవచ్చు. 2024 జులై 1కి ముందు జరిగిన వాటికి భారత శిక్షాస్మృతి 420వ సెక్షను, తరువాతి వాటికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను వర్తిస్తాయి. సివిల్ వివాదాలకు క్రిమినల్ రంగు పూయవద్దని సుప్రీంకోర్టు పలుమార్లు హెచ్చరించింది. చెమ్మ పట్టిన గోడకు ఈ మార్గం పనికిరాదు.

బిల్డరు కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే దానిపై ఉన్న కేసులకు తాత్కాలిక నిలుపుదల వర్తిస్తుంది. అప్పుడు కొనుగోలుదారులు తమ బకాయిలను దివాలా నిపుణుని వద్ద నమోదు చేసుకోవాలి. రెరా ఉత్తర్వు పొందినంత మాత్రాన గృహ కొనుగోలుదారులు ఆర్థిక ఋణదాతల హోదాను కోల్పోరని 2023లో విశాల్ చెలానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండు ఉదంతాలు

2022 ఫిబ్రవరి 10న గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసో సముదాయంలో ఒక టవరులోని ఫ్లాట్ల కప్పులు ఒకదానిపై ఒకటి కూలి ఇద్దరు మహిళలు మరణించారు. ఐ.ఐ.టి. ఢిల్లీ పరిశీలనలో ఆ టవరు నివాసయోగ్యం కాదని తేలింది. కాంక్రీటులోని క్లోరైడ్లు లోపలి ఇనుమును తుప్పు పట్టించాయని నివేదిక పేర్కొంది. తరువాత మరికొన్ని టవర్లు కూడా సురక్షితం కావని నిర్ధారించారు. డబ్బు తీసుకుని వెళ్ళిపోవటమా, తిరిగి కట్టించుకోవటమా అనే ఎంపిక చుట్టూ, ఇంటి విలువను ఎలా కట్టాలనే దాని చుట్టూ నివాసుల పోరాటం సాగింది.

రెండవది ప్రభుత్వ సంస్థకు సంబంధించినది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ముఖర్జీనగర్‌లో కట్టిన సిగ్నేచర్ వ్యూ అపార్ట్‌మెంట్లలో 12 టవర్లు, 336 ఫ్లాట్లు ఉన్నాయి. కట్టి పుష్కరమైనా నిండీ నిండకముందే కాంక్రీటు ఊడిపడసాగింది. ఐ.ఐ.టి. ఢిల్లీ అధ్యయనం భవనాలు నివాసానికి పనికిరావని తేల్చింది. 2024 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూల్చివేతకు, పునర్నిర్మాణానికి అనుమతి ఇస్తూ, ఖాళీ చేసే కుటుంబాలకు సంస్థ నెలకు పెద్ద ఫ్లాటుకు 50,000 రూపాయలు, మధ్యతరగతి ఫ్లాటుకు 38,000 రూపాయల చొప్పున అద్దె చెల్లించాలని ఆదేశించింది. ప్రభుత్వం కట్టినది గనుక గట్టిదని నమ్మి కొన్న కుటుంబాలు అవి.

ఇతర దేశాలలో

అమెరికాలోని కాలిఫోర్నియా 2002లో చేసిన చట్టం కొత్త ఇళ్ళకు నిర్మాణ ప్రమాణాలను నిర్దేశించి, కొనుగోలుదారు దావా వేసేముందు బిల్డరుకు మరమ్మతు అవకాశం ఇవ్వాలని చెప్పింది. అదే రాష్ట్రంలో పాత ఇల్లు అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను నిర్ణీత నమూనాలో రాసి ఇవ్వాలి. భారతదేశంలో విక్రేత అటువంటి పత్రం ఇవ్వవలసిన నియమం లేదు. ఇంగ్లండులో 1972 నాటి లోపభూయిష్ట భవనాల చట్టం కింద ఉన్న కాలపరిమితిని, గ్రెన్‌ఫెల్ టవరు అగ్నిప్రమాదం తరువాత వచ్చిన 2022 భవన భద్రతా చట్టం కొత్త ఇళ్ళకు 15 సంవత్సరాలకు, అంతకు ముందు పూర్తయిన వాటికి 30 సంవత్సరాలకు పెంచింది.